కాల్పుల వార్త పక్కన కన్నవాళ్లకు కావలసిన సమాచారం కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికాలో ఏదో చిన్న ఊళ్లో కాల్పులు జరిగి పదిమంది పోయారంటే మర్నాడు మన తెలుగు పత్రికల్లో ఏం వస్తుందో అందరికీ తెలుసు. హంతకుడి ఫొటో, అతని బాల్యం, అతను కొన్న తుపాకీ రకం, ఆ ఏడాది అది ఎన్నో ఘటన అన్న లెక్క. ఆ పేజీని చెన్నైలో, బెంగళూరులో చదివేవాళ్లలో చాలామందికి కొడుకో కూతురో మనవడో ఆ దేశంలోనే ఉన్నారు. ఒకప్పుడు న్యూయార్కు, చికాగో అనేవాళ్లం. ఇప్పుడు మన పిల్లల యూనివర్సిటీలు, ఆసుపత్రులు, గోదాములు మనం పేరైనా వినని ఊళ్లలో ఉంటున్నాయి. ఆ కన్నవాళ్లకు ఆ రాత్రి అక్కరకొచ్చే ముక్క పేజీలో ఒక్కటీ ఉండదు. మేము చెన్నైలో ఎమర్జెన్సీ వార్డుల్లో, మార్చురీల్లో, మీనంబాక్కం విమానాశ్రయం కార్గో క్లియరెన్సులో పనిచేసే కొందరు తెలుగువాళ్లం. హంతకుడి జీవితచరిత్రకు ఇచ్చే ఆ పావు పేజీని కన్నవాళ్లకు ఇవ్వమని అడుగుతున్నాం. అందులో ఏముండాలో కూడా రాస్తున్నాం.

ముందు అంకెల సంగతి. టెక్సస్‌లో వేసవిలో మధ్యాహ్నం పన్నెండు అయితే మనకు రాత్రి పదిన్నర. చివరి ఎడిషన్ తొందరలో చేతికందిన అంకె వేసేస్తారు. ఆ అంకె చాలాసార్లు నిలబడదు. 2022 మే 24న టెక్సస్ రాష్ట్రం యువాల్డీలోని రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో పోయింది 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఆ రాష్ట్ర గవర్నరు మొదట చెప్పింది 14 మంది పిల్లలు, ఒక టీచరు. 2023 అక్టోబరు 25న మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌లో తొలి రాత్రి 22 మంది అన్నారు, తేలింది 18. అంకె పెరగడమే కాదు, తగ్గుతుంది కూడా. 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని శాండీ హుక్ స్కూల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయిన రోజున మొదటి గంటల్లో హంతకుడిగా ప్రపంచమంతా తిరిగింది అతని అన్న పేరు. యువాల్డీ పోలీసుల ధైర్యాన్ని మర్నాడు పొగిడిన గవర్నరే, నాకు తప్పు చెప్పారని రెండు రోజులకు అన్నాడు. 376 మంది పోలీసులు వచ్చిన ఆ స్కూల్లో హంతకుణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టిందన్నది మొదటి రోజు వార్తల్లో లేనే లేదు. అంకె వేసిన ప్రతిచోటా అది ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో కూడా వేయండి. ఏడాది లెక్క వేస్తే అది ఎవరి లెక్కో చెప్పండి. కాల్పుల ఘటనల లెక్క కట్టే గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ నలుగురికి తూటా తగిలితే, ఎవరూ చనిపోకపోయినా, లెక్కలోకి తీసుకుంటుంది. అమెరికా చట్టంలో సామూహిక హత్య అంటే ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది చనిపోవాలి. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపితే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

ఇక ఫోన్. టీవీలో చూడగానే అమ్మానాన్నలు చేసే మొదటి పని పిల్లలకు ఫోన్ కొట్టడం. అది చేయకూడదు. లైట్లు ఆర్పుకుని, స్టోర్ రూములో ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషి జేబులో ఫోన్ మోగితే ఎక్కడున్నదీ తెలిసిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వైబ్రేషన్ చప్పుడు కూడా వినపడుతుంది. అక్కడ స్కూళ్లలో, ఆఫీసుల్లో ‘పరుగెత్తు, దాక్కో, గత్యంతరం లేకపోతేనే ఎదిరించు’ అని నేర్పేటప్పుడు, దాక్కోగానే ఫోన్ సైలెంట్‌లో పెట్టమంటారు. పైగా ఆ గంటలో ఊరు ఊరంతా ఫోన్ల మీదే ఉంటుంది, చిన్న ఊరి టవర్లు తట్టుకోలేవు. కాల్ కలవని చోట కూడా మెసేజ్ వెళ్లే అవకాశం ఉంది. ‘ఫోన్ చేయం, క్షేమమైతే ఒక్క అక్షరం పంపు’ అని ఒక్క మెసేజ్, అదీ ఇంట్లో ఒక్కరే పంపాలి. పెదనాన్న, మేనత్త, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు కలిసి యాభై మెసేజ్‌లు పెడితే ఆ ఫోన్‌లో చార్జి అయిపోతుంది. గంటలు గడిచినా జవాబు రాలేదంటే చెడు జరిగిందని కాదు. బయటికి తీసుకొచ్చేటప్పుడు ఫోన్లూ బ్యాగులూ ఎక్కడివక్కడ వదిలేసి చేతులు పైకెత్తి రమ్మంటారు. ఆ ఫోన్లు దర్యాప్తు అయ్యేదాకా లోపలే ఉండిపోతాయి, మనం చేసినకొద్దీ మోగుతూనే ఉంటాయి.

తర్వాత ఎవరిని అడగాలన్న ప్రశ్న. బతికి బయటపడినవాళ్లను ఇంటివాళ్లకు అప్పగించడానికి ఒక చోటు పెడతారు, చర్చో, స్కూలు జిమ్మో, ఊరి కమ్యూనిటీ హాలో. ఆ చోటు ఎక్కడో పోలీసుల ప్రకటనలో వస్తుంది. అక్కడికి మనిషి వెళ్లాలి. చెన్నై నుంచి ఆసుపత్రికి ఫోన్ చేస్తే సాధారణంగా ఏమీ చెప్పరు. రోగి ఆచూకీని కుటుంబానికి చెప్పడానికి అక్కడి గోప్యతా చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఫోన్‌లో మాట్లాడేది నిజంగా తండ్రో, విలేఖరో వాళ్లకు తెలిసే దారి లేదు. అందుకని దగ్గరి ఊళ్లో ఉన్న స్నేహితుణ్ణో, రూమ్మేటునో పాస్‌పోర్టు కాపీ, ఈమధ్య దిగిన ఫొటో పట్టుకుని నేరుగా వెళ్లమనాలి. పాస్‌పోర్టు కాపీ ఎందుకంటే, మన పేర్లతో పెద్ద చిక్కుంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడతాయి, అంటే పేరు తెలియదని. చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంటిపేరు బదులు తండ్రి పేరు ఇనీషియల్‌గా ఉండి, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరైపోతుంది. ఆఫీసులో ఒక పేరు, ఆసుపత్రి కంప్యూటరులో ఇంకో పేరు. మనం ‘మావాడు ఫలానా’ అంటే ఆ పేరుతో ఎవరూ లేరంటారు, ఉండి కూడా. పాస్‌పోర్టులో, వీసాలో ఉన్న అక్షరాలు, పుట్టిన తేదీ చెప్పి వెతికించాలి.

ఈ దశలో తప్పుడు ఓదార్పు చేసే హాని మాటల్లో చెప్పలేం. యువాల్డీలో, పిల్లలు ఇంకో బస్సులో వస్తున్నారని కొన్ని కుటుంబాలకు చెప్పారు. అలాంటి బస్సు లేదు. అమెరికా న్యాయశాఖ 2024 జనవరిలో వేసిన నివేదిక ఆ సంగతినీ, శిక్షణ లేనివాళ్లు చావు కబురు చెప్పిన తీరునూ తప్పుపట్టింది. మన దగ్గర దీనికి ఇంకో రూపం ఉంది. ‘కొంచెం సీరియస్‌గా ఉందట’ అని బంధువులు తల్లికి రెండు రోజులు చెబుతారు. ఆమె దేవుడికి మొక్కుకుంటూ ఉంటుంది. మూడో రోజు ఇంటి ముందుకొచ్చిన టీవీ కెమెరాను చూసి నిజం తెలుసుకుంటుంది. సంపాదకుడు గారూ, ఒక తల్లికి ఈ కబురు మీ విలేఖరి అడిగే ప్రశ్న ద్వారా తెలియకూడదు. ధ్రువీకరణ రాగానే ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరు వెళ్లి, కూర్చోబెట్టి, ‘చనిపోయాడు’ అన్న మాటే వాడి చెప్పాలి. ‘మనకు లేకుండా పోయాడు’, ‘దేవుడు పిలిచాడు’ లాంటివి ఆ క్షణంలో బుర్రకెక్కవు, ‘ఏ ఆసుపత్రిలో ఉన్నాడు’ అని అడుగుతారు. చెప్పాక మాట్లాడకుండా పక్కన ఉండాలి. బీపీ, షుగరు మందులు వేసుకునేవాళ్లయితే ఆ పూట వేయడం ఎవరో ఒకరు చూసుకోవాలి. ఇలాంటి రాత్రుల్లో రెండో చావు జరిగేది అక్కడే. మీ విలేఖరి ఇంటికి వెళ్లే ముందు, ధ్రువీకరణ జరిగిందా, కుటుంబానికి తెలుసా అని అక్కడి భారత కాన్సులేట్‌నో దగ్గరి బంధువునో అడగాలి. అపార్ట్‌మెంటు పేరు, వీధి, ఫ్లాట్ నంబరు అచ్చు వేయకూడదు.

ఊరు చిన్నదైనప్పుడు అన్నీ ఇంకా ఆలస్యమవుతాయి. ఎందుకో కుటుంబాలకు తెలిస్తే ఆ నిరీక్షణ కొంచెమైనా భరించగలుగుతారు. యువాల్డీ జనాభా పదిహేను వేలు. పెద్ద ట్రామా ఆసుపత్రి దాదాపు 130 కిలోమీటర్ల దూరాన శాన్ ఆంటోనియోలో ఉంది. గదిలోంచి బయటికి తెచ్చేటప్పటికి నాడి కొట్టుకుంటున్న ముగ్గురు తర్వాత చనిపోయారు. చెయ్యో కాలో పెద్ద రక్తనాళం తెగితే మనిషికి ఉండేది కొద్ది నిమిషాలు. శాండీ హుక్ తర్వాత 2013లో హార్ట్‌ఫర్డ్‌లో సర్జన్లు, పోలీసులు కలిసి కూర్చుని, హంతకుణ్ణి ఆపడం తర్వాత మొదటి పని రక్తం ఆపడమేనని తేల్చారు. అందులోంచే 2015లో ‘స్టాప్ ది బ్లీడ్’ (రక్తం ఆపండి) శిక్షణ వచ్చింది. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, టూర్నికే అనే రక్తం ఆపే పట్టీ బిగించాలి, రక్తం ఆగేదాకా తిప్పాలి, ఎన్ని గంటలకు కట్టామో రాయాలి, డాక్టరు విప్పేదాకా ఎవరూ వదులు చేయకూడదు. గజ్జలో, చంకలో తగిలితే పట్టీ పనిచేయదు, గుడ్డ లోపలికి కూరి బరువంతా వేసి నొక్కాలి. విదేశానికి వెళ్లే పిల్లలు గంట రెండు గంటల ఈ తరగతికి వెళ్లడం మంచిది.

చనిపోయినవాళ్ల విషయంలో కూడా చిన్న ఊరి చిక్కు ఉంది. హత్య కేసులో శవం ప్రభుత్వ పరిధిలోకి పోతుంది, పోస్టుమార్టం తప్పదు, కుటుంబం వద్దన్నా సాధారణంగా ఆగదు. టెక్సస్‌లో చిన్న కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటి వాటికి, సొంత మెడికల్ ఎగ్జామినర్ (శవపరీక్ష చేసే ప్రభుత్వ వైద్యాధికారి) ఉండడు. జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక న్యాయాధికారే శవ విచారణ చేసి, దేహాన్ని ఇంకో కౌంటీకి పంపుతాడు. యువాల్డీ పిల్లలను శాన్ ఆంటోనియోకు పంపింది అలాగే. ఇరవై దేహాలు ఒకేసారి వచ్చినప్పుడు అక్కడా వరుస ఉంటుంది. ‘మా అబ్బాయిని ఎందుకింకా ఇవ్వట్లేదు’ అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. ముఖం చూసి గుర్తుపట్టడాన్ని వాళ్లు నమ్మరు. నమ్మకపోవడమే మంచిది, ఆ ఆందోళనలో తారుమారయ్యే ప్రమాదముంది. వేలిముద్రలు, పళ్లు, డీఎన్ఏ చూస్తారు. పద్నాలుగేళ్లు దాటి వీసా తీసుకున్నవాళ్ల పది వేళ్ల ముద్రలూ అమెరికా ప్రభుత్వం దగ్గర ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లను గుర్తించడం తొందరగా అవుతుంది. అక్కడే పుట్టిన చిన్నపిల్లలకు ఆ ముద్రలు ఉండవు. అందుకే యువాల్డీలో తల్లిదండ్రుల బుగ్గల లోపలి నుంచి డీఎన్ఏ నమూనాలు తీసుకున్నారు. ఇక్కడి నుంచి పంపగలిగింది దంతవైద్యుడి ఎక్స్‌రే, ఎముకలో రాడ్ వేసి ఉంటే డిశ్చార్జి సమ్మరీ, మచ్చల వివరం. ఇవి ఏ ఫైల్లో ఉన్నాయో ఆ రాత్రే తీసి పెట్టుకోవచ్చు.

దేహాన్ని మెడికల్ ఎగ్జామినర్ నేరుగా ఇంటివాళ్ల చేతికి ఇవ్వడం అరుదు, లైసెన్సున్న ఫ్యూనరల్ హోమ్‌కు, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థకు, అప్పగిస్తాడు. ఏ హోమ్‌కు ఇవ్వాలో సంతకం పెట్టే హక్కు పెళ్లయితే భార్యకు లేదా భర్తకు, ఆ తర్వాతే పెద్ద పిల్లలకు, తల్లిదండ్రులకు. ఇక్కడే అత్తింటివాళ్లకూ పుట్టింటివాళ్లకూ మాట పెరిగి రెండు మూడు రోజులు పోతాయి. ఊళ్లో ఉన్న హోమ్‌నే ఎంచుకోనక్కర్లేదు. ఇండియాకు పంపిన అనుభవం చిన్న ఊరి హోమ్‌కు ఉండకపోవచ్చు, అప్పుడు కాన్సులేట్ కాగితాలు రెండుసార్లు వెనక్కొస్తాయి. హ్యూస్టన్, డాలస్, అట్లాంటా లాంటి చోట్ల ఈ పని తరచుగా చేసే హోమ్‌లుంటాయి. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా వాళ్ల ‘టీమ్ స్క్వేర్’ వాలంటీర్లను అడిగితే చెబుతారు.

సంతకం పెట్టే ముందు ఒక్క ఫోన్ తప్పనిసరిగా చేయాలి, ఇన్సూరెన్సుకు. జే-1 (ఎక్స్‌ఛేంజ్ కార్యక్రమాల) వీసా మీద ఉన్నవాళ్లకు దేహాన్ని స్వదేశం చేర్చడానికి కనీసం 25,000 డాలర్ల కవరేజీ ఉండి తీరాలని నిబంధన. ఎఫ్-1 విద్యార్థులకు అలాంటి నిబంధన లేకపోయినా యూనివర్సిటీ పాలసీల్లో చాలావాటిలో ఇది ఉంటుంది, తల్లిదండ్రులకు తెలియదు. అయితే ఏర్పాట్లన్నీ ఆ ఇన్సూరెన్సువాళ్ల సహాయ సంస్థ ద్వారానే జరగాలని షరతు ఉంటుంది. స్నేహితులు చందాలు పోగుచేసి హోమ్‌కు కట్టేశాక బిల్లు పంపితే చెల్లదంటారు. ఉద్యోగులైతే కంపెనీ హెచ్ఆర్‌ను అడగాలి, గ్రూప్ లైఫ్ పాలసీ విడిగా, ప్రమాద మరణం పాలసీ విడిగా ఉంటాయి.

దేహాన్ని తేవాలా, అక్కడే దహనం చేసి అస్థికలు తేవాలా అన్నది కుటుంబం నిర్ణయించుకోవలసిన మాట. నిర్ణయానికి కావలసిన నిజాలు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. దేహం రావడానికి వారం దాటడం మామూలే, పదకొండో రోజు కర్మ లోపు చేరకపోవచ్చు. విమానంలో పంపాలంటే ఎంబామింగ్ చేయాలి, అంటే రక్తనాళాల్లోకి ఫార్మాలిన్ ద్రవం ఎక్కించాలి. తూటా దెబ్బ, దాని మీద పోస్టుమార్టం కోత పడ్డాక నాళాలు తెగిపోయి ద్రవం ఒక చోటి నుంచి ఒళ్లంతా పాకదు. మెడకు రెండు వైపులా, రెండు చేతులకూ, రెండు కాళ్లకూ విడివిడిగా ఆరు చోట్ల ఎక్కించాలి. అది చేతకాక తొందరపడితే ముప్ఫై గంటల ప్రయాణం తర్వాత ఇక్కడ పెట్టె తెరిచేటప్పుడు ఆ కుటుంబం చూడకూడనిది చూస్తుంది. ముఖం చూపించవచ్చా అని ఫ్యూనరల్ డైరెక్టరును సూటిగా అడగాలి, అడిగితే సూటిగానే చెబుతారు. బంధువుల్లో గుండె దిటవున్న ఒక్కరికి ముందు ఫొటో పంపించి చూడమనాలి. దహనం అక్కడే అనుకుంటే, హత్య కేసు కాబట్టి మెడికల్ ఎగ్జామినర్ అనుమతి కావాలి. టెక్సస్‌లో మామూలుగా 48 గంటల గడువు కూడా ఉంది. అస్థికలు చేతిసామానులో తేవచ్చు, కానీ ఎక్స్‌రేకు లోపల కనపడే చెక్క లేదా ప్లాస్టిక్ పాత్రలో ఉండాలి. ఇత్తడి, రాగి కలశమైతే భద్రతా తనిఖీ దగ్గరే ఆపేస్తారు. దహన పత్రం, కాన్సులేట్ పత్రం సామానులో కాకుండా చేతిలో ఉండాలి.

కాన్సులేట్‌కు కావలసినవి మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, అంటువ్యాధి ఏదీ లేదన్న లేఖ, పెట్టెలో దేహం తప్ప మరేదీ లేదని ఫ్యూనరల్ హోమ్ ఇచ్చే ప్రమాణపత్రం, రద్దు చేయడానికి అసలు పాస్‌పోర్టు. పాస్‌పోర్టు పోలీసుల దగ్గర సాక్ష్యంగా ఉండిపోయిందా, అపార్ట్‌మెంటులో ఉందా అన్నది మొదటి రోజే కనుక్కోవాలి. ఈ ఒక్క పుస్తకం దొరక్క ఆగిపోయే కేసులు ఎక్కువ. డబ్బు లేని కుటుంబానికి భారత ప్రభుత్వ ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సాయం అడగవచ్చు, అది ఆర్థిక స్థితి చూసి ఇస్తారు. కాన్సులేట్ నుంచి జవాబు రాకపోతే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. నంబరు వస్తుంది, ఆ నంబరు మీద అడగవచ్చు.

ఇక చెన్నైలో పని. 2023 ఆగస్టు నుంచి ‘ఈ-కేర్’ అనే కేంద్ర ఆరోగ్యశాఖ పోర్టల్‌లో ముందే అనుమతి తీసుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, కాన్సులేట్ అనుమతి, రద్దయిన పాస్‌పోర్టు కాపీ ఎక్కించాలి. విమానం బయల్దేరక ముందే ఇది అయిపోవాలి. దిగాక మొదలుపెడితే పెట్టె కార్గోలో గంటలకొద్దీ ఆగుతుంది, కన్నవాళ్లు బయట ఎండలో నిలబడాలి. ఎయిర్‌వే బిల్లులో, అంటే విమాన రవాణా పత్రంలో, తీసుకునేవాళ్లుగా ఎవరి పేరుందో వాళ్లే ఆధార్‌తో రావాలి. ముసలి తండ్రి పేరు రాయించవద్దు, ఎండకూ సంతకాలకూ తట్టుకోగల బంధువు పేరు రాయించండి. దీనికి కస్టమ్స్ సుంకం లేదు, ఉందని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. పెట్టె వంద కిలోలు దాటుతుంది, ఆరుగురు ఎనిమిదిమంది మనుషులు కావాలి. మామూలు అంబులెన్సు తలుపులో పట్టకపోవచ్చు, పెట్టె కొలతలు ముందే ఫ్యూనరల్ హోమ్‌ను అడిగి బండి మాట్లాడాలి. లోపలి రేకు అతికేసి ఉంటే తెరవడానికి స్క్రూడ్రైవరు, రేకు కత్తెర, చేతులకు గ్లవ్స్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఫార్మాలిన్ ఆవిరి కళ్లు మండిస్తుంది. కిటికీలు తెరిచిన చోట, పిల్లల్ని దూరంగా ఉంచి తెరవాలి. మన ఇళ్ల దగ్గర పెట్టే ఫ్రీజర్ బాక్సులో ఈ పెట్టె పట్టదు, ఎంబామింగ్ అయిన దేహానికి అది అవసరమూ లేదు. నెల్లూరు వైపో చిత్తూరు వైపో సొంతూరికి తీసుకెళ్లేవాళ్లు ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఎ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీని అంబులెన్సు కోసం ముందురోజే అడిగి చూడాలి. శ్మశానంలో చూపించడానికి అన్ని కాగితాల జిరాక్సులు బండిలోనే ఉండాలి.

మరణ ధ్రువపత్రం ఒకటి రెండు కాపీలు తెచ్చుకుని తర్వాత బాధపడేవాళ్లే ఎక్కువ. పది పదిహేను సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాలి, వాటిలో రెండింటికైనా పత్రం అసలైనదేనని ఆ రాష్ట్ర ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర ఉండాలి. ఇక్కడి బ్యాంకులు, ఎల్ఐసీ, వారసత్వ ధ్రువపత్రం ఇచ్చే తహసీల్దారు అదే అడుగుతారు. దర్యాప్తు నడుస్తుండగా ఇచ్చే పత్రంలో మరణ కారణం ‘పెండింగ్’ అని ఉంటుంది. దేహం పంపడానికి అది చాలు, ఇన్సూరెన్సుకు చాలదు. కారణం నమోదైన సవరణ పత్రం మళ్లీ తెప్పించుకోవాలి.

భర్త హెచ్1బి ఉద్యోగ వీసా మీద, భార్య దానిపై ఆధారపడిన హెచ్4 మీద ఉన్న ఇంట్లో భర్త పోతే ఆమె హోదాకు ఆధారమే పోతుంది. దేహంతో పాటు ఆమె విమానం ఎక్కేస్తే ఆ వీసా మీద తిరిగి వెళ్లలేదు. ఇల్లు, పిల్లల బడి, కోర్టు కేసు అన్నీ అక్కడే ఉండిపోతాయి. టికెట్ కొనకముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తూ ఉంటే, చనిపోయే నాటికి అమెరికాలో నివాసముంటూ తర్వాత కూడా అక్కడే ఉండేవాళ్లకు దాన్ని కొనసాగించే వీలు అక్కడి ఇమిగ్రేషన్ చట్టం 204(ఎల్) సెక్షన్ కింద ఉంది. ఇక్కడి నుంచి తల్లిదండ్రులు వెళ్లాలంటే వీసా ఫారం నింపి, ఫీజు కట్టి, దొరికిన మామూలు తేదీ తీసుకుని, ఆ తర్వాత అత్యవసర అపాయింట్‌మెంటు అడగాలి. తేదీ తీసుకోకుండా నేరుగా చెన్నై జెమినీ దగ్గరి అమెరికా కాన్సులేట్ గేటుకు వెళ్తే లోపలికి పంపరు.

డబ్బు విషయంలో మీ పత్రిక చేసే మేలూ ఉంది, కీడూ ఉంది. క్యూఆర్ కోడ్, విరాళాల లింకు వేసేముందు అది కుటుంబం ఒప్పుకున్నదేనా అని కుటుంబ సభ్యుణ్ణి ఫోన్‌లో అడగండి. ఘటన జరిగిన గంటల్లోనే దొంగ లింకులు పుడతాయి. స్నేహితులు మంచి మనసుతో మొదలుపెట్టినా లబ్ధిదారుగా భార్య పేరో తోబుట్టువు పేరో పెట్టకపోతే డబ్బు స్నేహితుడి ఖాతాలో ఇరుక్కుంటుంది. అమెరికాలో 1984 చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ నేర బాధితుల పరిహార నిధి ఉంది, ఆ రాష్ట్రవాసి కాకపోయినా అక్కడ నేరానికి బలైతే సమానంగా అడగవచ్చు. వేరే ఎక్కడా రాని ఖర్చునే అది ఇస్తుంది కాబట్టి రశీదులు ఒక్కటీ పారేయకూడదు. సామూహిక కాల్పుల బాధిత కుటుంబాలే పూనుకుని 2014లో పెట్టించిన నేషనల్ కంపాషన్ ఫండ్ వసూలైన ప్రతి పైసా బాధితులకే పంచుతుంది. అలాంటిది పుట్టడానికి కారణం ఉంది. శాండీ హుక్ కోసం ఒక ప్రధాన నిధికి కోటి డాలర్లకు పైగా వస్తే అందులో కుటుంబాలకు ఎంత, ఊరికి ఎంత అని నెలల తరబడి తగువు నడిచింది. వస్తువులు పంపడం ఇంకా భారం. న్యూటౌన్‌కు దాదాపు 65,000 టెడ్డీ బొమ్మలు వచ్చాయి. పిల్లల్ని పోగొట్టుకున్న ఊరు వాటికి గోదాము వెతుక్కోవలసి వచ్చింది.

బతికి వచ్చినవాళ్లను మనం తొందరగా మరచిపోతాం. గాయం మానాక పిల్లల్ని చెన్నైకి తెస్తే చుట్టాలంతా వచ్చి ‘ఏం జరిగిందో చెప్పు’ అంటారు. చెప్పించకూడదు. జరిగినదంతా ఒక్క విడతలో కక్కించేస్తే భారం దిగుతుందన్న పద్ధతి పనిచేయదనీ, కొందరికి హాని చేస్తుందనీ మానసిక వైద్యులు తేల్చారు. నిద్ర, తిండి, పక్కన ఒక మనిషి, అడిగినప్పుడు వినడం, మొదటి నెలకు ఇవే ముఖ్యం. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటి పేరెత్తితే తప్పించుకోవడం తగ్గకపోతే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. దీపావళికి మన వీధుల్లో పేలే వెయ్యి వాలా వాళ్లకు తుపాకీయే. ఆ వారం పిల్లను ఊరికి దూరంగా తీసుకెళ్లండి, లేదా పై అంతస్తులవాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. ఈ నంబరు వార్త కిందే వేయండి.

హంతకుడి ఫొటో మొదటి పేజీలో వద్దు అనడానికి కారణం సెంటిమెంటు ఒక్కటే కాదు. సామూహిక హత్య ఒకటి జరిగాక సగటున 13 రోజులపాటు అలాంటిది మరొకటి జరిగే అవకాశం పెరుగుతుందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. ఫొటోల విషయంలో మనవాళ్లూ తప్పు చేశారు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపాక, చనిపోయిన ఒక అధికారి, ఆయన భార్య వీడియో అంటూ తిరిగింది వేరే జంటది. మేం బతికే ఉన్నామని ఆ జంట చెప్పుకోవలసి వచ్చింది. శాండీ హుక్ అసలు జరగనే లేదని ఏళ్లపాటు ప్రచారం చేసిన అమెరికా రేడియో వ్యాఖ్యాత అలెక్స్ జోన్స్ మీద 2022 అక్టోబరులో కనెటికట్ జ్యూరీ 96.5 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. అంతకుముందు ఆ తల్లిదండ్రులు ఆ అబద్ధాన్ని నమ్మినవాళ్ల బెదిరింపులను పదేళ్లు భరించారు. ‘కుట్ర అంటూ సోషల్ మీడియాలో చర్చ’ అని చిన్న వార్త వేసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. లూయిస్టన్‌లో చనిపోయినవాళ్లలో నలుగురు వినికిడి లేనివాళ్లు. సైగల భాషలో చెప్పే మనిషిని ఫ్రేములోంచి కత్తిరించవద్దని అక్కడి అధికారులు కెమెరాలవాళ్లను అడగవలసి వచ్చింది. ఏడాది తిరిగేసరికి న్యూటౌన్ పట్టణం విలేఖరులను రావద్దని కోరింది. వార్షికం రోజున ఫొటోల కోసం కుటుంబాల గుమ్మం ఎక్కకుండా ఉండటం మీ చేతిలో పని.

చివరగా ఒక మాట. పైన రాసిన వాటిలో ఏది వేసినా భారత కాన్సులేట్ ఎమర్జెన్సీ నంబరు మాత్రం పాత క్లిప్పింగులోంచి తీసి వేయకండి. టెక్సస్ హ్యూస్టన్ పరిధిలో ఉంది, జార్జియా అట్లాంటా కింద, ఇలినాయ్ చికాగో కింద. 2023లో సియాటిల్‌లో కొత్త కాన్సులేట్ వచ్చాక కొన్ని రాష్ట్రాలు చేతులు మారాయి. ఘటన జరిగిన ఊరు ఏ రాష్ట్రమో, ఆ రాష్ట్రం ఏ కాన్సులేట్ కిందికి వస్తుందో ఆ రాత్రే దాని వెబ్‌సైట్లో చూసి, ఆ నంబరుకు మీ డెస్కు నుంచి ఒకసారి ఫోన్ చేసి, ఎత్తారని తేలాకే అచ్చు వేయండి.

ఇట్లు,
చెన్నైలో ఎమర్జెన్సీ, మార్చురీ, కార్గో విభాగాల్లో పనిచేసే కొందరు తెలుగువాళ్లు